మెయిన్ బజారుకు మళ్లీ జనాన్ని రప్పించడం ఎలా?

"మా ఊరి మెయిన్ బజారు చచ్చిపోతోంది, ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి?" ఈ ప్రశ్న నన్ను పదే పదే అడుగుతుంటారు. అడిగినవాళ్లలో చాలామంది ఆ వెంటనే ఇంకో మాట కూడా అంటారు: "ముందు టైల్స్ వేయించి, మంచి లైట్లు పెట్టిస్తే జనం వస్తారు కదా?" రారు. టైల్స్ కింద ఎంత డబ్బు పోసినా పక్కన మూతపడ్డ షట్టర్లు మూతపడే ఉంటాయి. బజారు పాడుబడేది నేల బాగోలేక కాదు. ఊరి చివర పెద్ద రోడ్డు మీద కొత్త దుకాణాలు లేచి ఉండొచ్చు. ఆఫీసులు, ఆసుపత్రి అటు తరలిపోయి ఉండొచ్చు. షాపుల పైన కాపురం ఉండేవాళ్లు ఒక్కొక్కరే ఖాళీ చేసి ఉండొచ్చు. మీ ఊళ్లో వీటిలో ఏది జరిగిందో తెలియకుండా పెట్టే ఖర్చు గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

అందుకే ఈ పనిలో వరస ముఖ్యం. ముందు లెక్క. తర్వాత మనుషులతో మాట. ఆ తర్వాత చిన్న ప్రయోగం. సిమెంటు పని అన్నిటికంటే చివర. ఈ వరస తలకిందులు చేయడమే నేను చూసిన తప్పులన్నిటిలో పెద్దది.

ఏమేం కావాలి

- ఆరు నుంచి పది మంది. అందరూ దుకాణదారులే అయితే పని ఒకవైపు ఒరుగుతుంది. ఇద్దరు దుకాణదారులు, ఒక భవన యజమాని, బజార్లో కాపురం ఉండేవాళ్లు ఒకరు, కాలేజీ వయసు వాళ్లు ఒకరు, నడవడానికి ఇబ్బంది పడేవాళ్లు ఒకరు తప్పకుండా ఉండాలి.
- ప్రతి భవనం విడివిడిగా కనిపించే బజారు మ్యాపు, పెద్ద కాగితం మీద.
- కొలత టేపు, నోటు పుస్తకాలు, రంగు పెన్నులు, ఫోన్ కెమెరా.
- మున్సిపాలిటీలో మీ ఫోన్ ఎత్తే అధికారి ఒక్కరైనా.
- కనీసం ఏడాది ఓపిక. మొదటి మూడు నెలల్లో బయటికి కనిపించేది ఏమీ ఉండదు. ఈ సంగతి మీ బృందానికి మొదటి రోజే చెప్పండి.

కన్సల్టెంటును పెట్టుకోవాలా అని అడుగుతారు. కింద చెప్పే తొమ్మిది మెట్లలో మొదటి నాలుగింటికి అక్కర్లేదు. అవి మీరే చేస్తే వచ్చే అవగాహన ఏ రిపోర్టూ ఇవ్వదు. రోడ్డు డిజైనుకు, పాత భవనాల మరమ్మతుకు మాత్రం నిపుణులు కావాలి.

1. హద్దు గీయండి

ఊరంతా బాగుచేద్దామని కూర్చుంటే ఏదీ కాదు. ఒక చివర నుంచి ఇంకో చివరకు ఐదు నిమిషాల్లో నడవగలిగినంత మేర తీసుకోండి, అంటే సుమారు 400 మీటర్లు. అంతకంటే తక్కువైనా పర్వాలేదు. బతికున్న రెండు మూడు షాపుల చుట్టూ హద్దు గీయండి, పూర్తిగా ఖాళీ అయిన మూలను మొదట ఎంచుకోకండి. నిప్పు ఉన్నచోటే ఊదాలి.

2. ప్రతి షట్టరూ రాసుకోండి

ఇద్దరిద్దరుగా నడవండి. ప్రతి భవనానికీ ఒక వరస: కింద ఏముంది, పైన ఏముంది, యజమాని ఎవరు, అద్దెకున్నది ఎవరు, ఖాళీగా ఉంటే ఎప్పటినుంచి, ఎందుకు. పై అంతస్తు కాలమ్ వదిలేయకండి. దాదాపు అందరూ వదిలేస్తారు. తీరా చూస్తే కింద షాపులన్నీ నడుస్తున్నా, పైన సగం గదులు పావురాలకు వదిలేసి ఉంటాయి.

మ్యాపు మీద మూడు రంగులు వేయండి: నడుస్తున్నవి, ఖాళీవి, మూసి ఉన్నా గోడౌనుగా వాడుతున్నవి. ఈ మూడో రంగు వేరుగా చూపించడం అవసరం. బయటినుంచి ఖాళీగా కనిపించే చాలా షాపులు నిజానికి సరుకు దాచుకునే చోట్లు. వాటికి చేయాల్సిన వైద్యం వేరు.

3. మనుషుల్ని లెక్కపెట్టండి

ఫుట్‌పాత్‌కు అడ్డంగా ఊహలో ఒక గీత అనుకోండి. ప్రతి గంటలో పది నిమిషాల పాటు ఆ గీత దాటినవాళ్లందరినీ, రెండు వైపులా, గీతలు పెట్టి లెక్కించండి. ఆరుతో గుణిస్తే గంట లెక్క వస్తుంది. పొద్దున దుకాణాలు తెరిచే వేళ నుంచి రాత్రి మూసే దాకా, మూడు చోట్ల, రెండు మామూలు రోజులు, ఒక సెలవు రోజు చేయండి. డెన్మార్క్‌కు చెందిన ఆర్కిటెక్ట్ యాన్ గెల్ బృందాలు వీధుల్ని చదవడానికి వాడే పద్ధతి దాదాపు ఇదే. పెన్ను, కాగితం చాలు.

నడిచేవాళ్లతో పాటు కూర్చున్నవాళ్లు, నిలబడి మాట్లాడుకుంటున్నవాళ్లు ఎంతమందో గంటకోసారి విడిగా రాయండి. నా దృష్టిలో ఇదే అసలు లెక్క. వెయ్యిమంది నడిచిపోతున్నా ఒక్కరూ ఆగకపోతే అది బజారు కాదు, దారి.

ఇక్కడ జరిగే తప్పులు:

- పండగ రోజో, సంత రోజో లెక్కించి సంబరపడటం.
- వాన రోజు లెక్కించి దిగులుపడటం. వాతావరణం కూడా రాసుకోండి.
- తర్వాతిసారి వేరే చోట నిలబడటం. నిలబడిన చోటు ఫొటో తీసి పెట్టుకోండి, ఏడాది తర్వాత అక్కడే నిలబడాలి.

పార్కింగ్‌కు కూడా ఇలాగే. అరగంటకోసారి ఎన్ని చోట్లు నిండాయో, ఏ బండి ఎంతసేపు ఉందో చూడండి. పూర్తి నంబరు అక్కర్లేదు, చివరి మూడు అంకెలు చాలు. రోజంతా కదలని బళ్లు చాలాసార్లు ఆ షాపుల వాళ్లవే అయి ఉంటాయి. "పార్కింగ్ లేకే బేరాలు రావట్లేదు" అని వాదన మొదలైనప్పుడు ఈ కాగితం మీకు అక్కరకొస్తుంది.

ఇంకో లెక్క: వచ్చినవాళ్లు ఎలా వచ్చారని ఓ వందమందిని అడగండి. అదే ప్రశ్న దుకాణదారులనూ అడగండి. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో 2006లో ఇలా పోల్చి చూస్తే, తమ గిరాకీలో 41 శాతం కార్లలో వస్తున్నారని దుకాణదారులు అనుకున్నారు, నిజానికి వచ్చింది 22 శాతమే. మీ ఊళ్లో అంకెలు వేరుగా ఉంటాయి. అయితే అనుకోవడానికీ ఉన్నదానికీ మధ్య తేడా ఎంతుందో ముందే తెలిస్తే తర్వాత గొడవ తగ్గుతుంది.

4. మాట్లాడించండి

ఒక హాల్లో మీటింగు పెట్టి మైకు ఇస్తే, ఎప్పుడూ మాట్లాడే పదిమందే మాట్లాడతారు. మీటింగు వద్దనను. దాని మీదే ఆధారపడకండి. బస్సు ఎక్కే చోట, బడి గేటు దగ్గర, సాయంత్రం జనం కూర్చునే అరుగుల దగ్గర మ్యాపు పట్టుకుని నిలబడండి.

అడిగే ప్రశ్న ముఖ్యం. "మీకు ఏం కావాలి?" అంటే కోరికల చిట్టా వస్తుంది, అందులో సగం ఎవరూ తీర్చలేనివి. దానికి బదులు ఇవి అడగండి:

- కిందటిసారి బజారుకు ఏ పని మీద వచ్చారు? ఎంతసేపు ఉన్నారు?
- ఏ వస్తువు కోసం బయటికి పోతున్నారు?
- ఏ చోట నడవాలంటే భయం లేదా విసుగు?
- ఎక్కడైనా కాసేపు కూర్చున్నారా?

బజారుకు రావడం మానేసినవాళ్లను అడగడం మర్చిపోకండి. వచ్చేవాళ్లనే అడిగితే వచ్చే కారణాలు తెలుస్తాయి, మానేసిన కారణాలు తెలియవు.

ఒక హెచ్చరిక. నిర్ణయం ముందే అయిపోయి, పేరుకు జనాన్ని అడిగితే వాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. అమెరికాలో షెర్రీ ఆర్న్‌స్టీన్ 1969లో ప్రజల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపించింది. అడిగి ఊరుకోవడం ఆమె లెక్కలో మధ్య మెట్టే, అధికారం పంచుకోవడం పై మెట్లు. మీరు ఏ మెట్టు మీద ఉన్నారో ముందే జనానికి నిజాయితీగా చెప్పండి: "ఈ మూడు విషయాలు మీరు మార్చగలరు, ఈ రెండూ మన చేతిలో లేవు." ఇలా చెప్పినప్పుడు కోప్పడేవాళ్లు తక్కువ. మోసపోయామనుకున్నవాళ్లు మాత్రం రెండోసారి రారు.

5. ఖాళీ షాపుల యజమానుల దగ్గరికి వెళ్లండి

బజారు భవిష్యత్తు ఎక్కువగా తేలేది ఇక్కడే. దీనికే అందరూ వెనకాడతారు, ఎందుకంటే ఇది మొహమాటపు పని. జపాన్‌లో మూతపడ్డ షాపుల వీధులను ఏకంగా "షట్టర్ వీధులు" అనే పిలుస్తారు, అంత పాత సమస్య ఇది.

ఉత్తరం రాయకండి, మనిషిని పంపండి. మొదటి భేటీలో ఏమీ అడగకండి. ఆ షాపులో ఒకప్పుడు ఏముండేదో చెప్పమనండి, వినండి. మూసి ఉంచిన అసలు కారణం సాధారణంగా రెండో భేటీలోనే బయటపడుతుంది. ఒక్కో కారణానికి ఒక్కో దారి ఉంది.

*అద్దె ఆశ ఎక్కువ.* పదేళ్ల కిందటి అద్దె మనసులో పెట్టుకుని కూర్చుంటారు. వాదించకండి. మీ జాబితా చూపించి, పక్క షాపుల్లో ఇప్పుడు ఎంత నడుస్తోందో, ఖాళీగా ఉన్న ప్రతి నెలా ఎంత పోతోందో కాగితం మీద లెక్క వేయండి. అమ్మకాల్లో కొంత శాతం అద్దెగా తీసుకునే పద్ధతి చెప్పండి. మొదట తక్కువ, వ్యాపారం పెరిగితే ఎక్కువ.

*ఇస్తే ఖాళీ చేయరేమోనన్న భయం.* ఇది నిజమైన భయమే. మూడు లేదా ఆరు నెలల రాతపూర్వక ఒప్పందం, గడువు స్పష్టంగా, లాయరు చూసినది ఉండాలి. ఇలాంటి ఒప్పందం ముసాయిదా ఒకటి బృందమే ముందు తయారు చేయించి పెట్టుకుంటే సగం పని అయినట్టే.

*షాపు మరీ పెద్దది.* ఒక్కరికే ఇవ్వాలని చూస్తే ఏళ్లు పడుతుంది. మధ్యలో గోడ కట్టి రెండు మూడు చిన్నవి చేయొచ్చు. కొత్తగా వ్యాపారం మొదలుపెట్టేవాళ్లకు చిన్న జాగాయే కావాలి.

*అన్నదమ్ముల తగాదా, కోర్టు కేసు.* దీన్ని మీరు తీర్చలేరు. సమయం వృథా చేసుకోకండి. అద్దం తుడిపించి, లోపల పిల్లల బొమ్మలో, ఊరి పాత ఫొటోలో పెట్టనిస్తారా అని మాత్రం అడగండి. చీకటి షట్టరు పక్కన నడవడానికీ వెలుగున్న అద్దం పక్కన నడవడానికీ చాలా తేడా ఉంది.

*మరమ్మతుకు డబ్బు లేదు.* ముందు పైకప్పు, నీటి లీకులు, కరెంటు వైరింగు. రంగులు ఆ తర్వాతే. మరమ్మతు ఖర్చు అద్దెకొచ్చేవాళ్లు పెట్టుకుని, అద్దెలో తగ్గించుకునే ఒప్పందం చాలాచోట్ల కుదురుతుంది.

యజమానులంతా కలిసొస్తే ఎంత దూరం పోవచ్చో చెప్పడానికి జపాన్‌లోని తకమత్సులో మరుగమేమచి అనే బజారు వీధి ఉంది. అక్కడి స్థల యజమానులు స్థలం తమ పేరు మీదే ఉంచుకుని, వాడుకునే హక్కును దీర్ఘకాలిక లీజుకు ఇచ్చి, ఏ షాపు ఎక్కడ ఉండాలో కలిసి నిర్ణయించుకునే ఏర్పాటు చేసుకున్నారు. మొదటి భాగం 2006లో తెరుచుకుంది. తకమత్సు చిన్న పట్టణం కాదు, దాన్ని యథాతథంగా కాపీ కొట్టలేం. సొంతదనం పోకుండానే పెత్తనం పంచుకోవచ్చని మాత్రం యజమానులకు చూపించవచ్చు.

పై అంతస్తుల సంగతి. పైకి వెళ్లే మెట్లు షాపు లోపలినుంచి ఉంటే పైన ఎవరూ కాపురం ఉండలేరు. విడిగా మెట్లు పెట్టే వీలుందా అని ప్రతి భవనంలోనూ చూడండి, మంట వస్తే బయటపడే దారితో సహా. ఫ్రాన్స్ ప్రభుత్వం 2018లో 222 ఊళ్ల నడిబొడ్డుల కోసం మొదలుపెట్టిన పథకంలో ఇళ్ల బాగుకు ముఖ్యమైన చోటిచ్చారు. పైన దీపం వెలిగితే కింద షాపు రాత్రి ఇంకో గంట తెరిచి ఉంటుంది.

6. చిన్న ప్రయోగం చేయండి

ఇప్పుడు, ఇప్పుడు మాత్రమే, వీధిలో ఏదైనా మార్చండి. అదీ తీసేయగలిగేదే. 2010లో డల్లాస్ నగరంలోని ఓక్ క్లిఫ్‌లో కొంతమంది కలిసి ఒక వీధి ముక్కను రెండు రోజుల పాటు రంగులు, కుండీలు, కుర్చీలు, తాత్కాలిక షాపులతో మార్చి చూపించారు. డ్రాయింగు చూపిస్తే వాదించేవాళ్లు, కళ్లతో చూశాక వేరేగా మాట్లాడతారు.

ఏం చేయొచ్చు: రెండు పార్కింగ్ చోట్లలో కుర్చీలు, నీడ. దాటే చోట రంగు గీతలు. ఖాళీ షాపులో నెల రోజుల వ్యాపారం. వారానికో సాయంత్రం వీధిలోకి బళ్లు రాకుండా ఆపేయడం. కుర్చీలు కదిలించగలిగేవే పెట్టండి. 1970లలో న్యూయార్క్ కూడళ్లను కెమెరాలతో గమనించిన విలియం వైట్, జనం కూర్చునే ముందు కుర్చీని కాస్తయినా జరుపుకుంటారని గుర్తించాడు. తమకు నచ్చినట్టు మార్చుకోగలిగిన చోటే మనుషులు ఆగుతారు.

జాగ్రత్తలు:

- రాతపూర్వక అనుమతి లేకుండా మొదలుపెట్టకండి. నోటిమాట సరిపోదు.
- అంబులెన్సు, ఫైరింజను పోవడానికి ఎంత వెడల్పు కావాలో ఆ శాఖనే అడిగి, టేపుతో కొలిచి వదలండి.
- చక్రాల కుర్చీలు రెండు ఎదురెదురుగా దాటాలంటే ఫుట్‌పాత్ మీద సుమారు 1.8 మీటర్లు ఖాళీ ఉండాలి. కుండీలు పెట్టాక మళ్లీ కొలవండి.
- రోడ్డు పక్కన అమ్ముకునేవాళ్లను ఖాళీ చేయించి "అందం" తేకండి. ఆ వీధిలో జనం ఆగుతున్నది చాలాసార్లు వాళ్ల దగ్గరే. ప్రయోగంలో వాళ్లకూ చోటివ్వండి.
- కుర్చీలు రాత్రి ఎవరు లోపల పెడతారు, చెత్త ఎవరు తీస్తారు? పేరు రాసి ఉంచండి.

ప్రయోగం ముందు వారం, జరుగుతున్న వారం, తర్వాత వారం అదే గీత దగ్గర లెక్కపెట్టండి. లెక్క లేని ప్రయోగం పండగతో సమానం, అయిపోతే మిగిలేది ఫొటోలే.

7. రోడ్డు, పార్కింగ్

"బళ్లు పూర్తిగా ఆపేద్దాం" అన్న ఉత్సాహం వస్తుంది. నాకూ ఆ ఆలోచన ఇష్టమే, అయినా తొందరపడకండి. కోపెన్‌హాగన్‌లో స్ట్రోయెట్ వీధికి 1962లో బళ్లు ఆపేశారు, అది నేటికీ కళకళలాడుతోంది. అమెరికాలో కలమజూ పట్టణం అంతకు ముందే, 1959లో, మెయిన్ బజారులో బళ్లు ఆపేసింది. అక్కడ కొంత భాగాన్ని 1998లో తిరిగి బళ్లకు తెరిచారు. చుట్టూ నడిచి వచ్చేంత దూరంలో ఎంతమంది కాపురముంటున్నారు, బస్సులెన్ని వస్తాయి అన్నదాని మీద ఫలితం మారుతుంది. మీ దగ్గర ఆ జనం లేకపోతే మధ్యే మార్గం మంచిది. సౌత్ కరోలినాలోని గ్రీన్‌విల్ 1970ల చివర మెయిన్ స్ట్రీట్‌ను నాలుగు వరసల నుంచి రెండుకు తగ్గించి, చెట్లు నాటి, ఫుట్‌పాత్ వెడల్పు చేసింది. బళ్లు పోతూనే ఉన్నాయి, నెమ్మదిగా పోతున్నాయి.

పార్కింగ్‌కు ఒక గుర్తు: డొనాల్డ్ షూప్ అనే ఆచార్యుడు చెప్పిన 85 శాతం. వీధిలో చోట్లు సుమారు అంతవరకు నిండి, ఎప్పుడూ ఒకటి రెండు ఖాళీగా ఉంటే సరిగ్గా ఉన్నట్టు. అంతకంటే తక్కువ నిండుతుంటే కొత్త పార్కింగ్ కోసం పాత భవనం కూలగొట్టకండి. ఎక్కువ నిండుతుంటే ముందు షాపుల వాళ్ల బళ్లను వెనక వీధికి మార్చి చూడండి, ఆ తర్వాత సమయ పరిమితి, ఆ తర్వాత ఫీజు.

8. పని ఎవరిదో రాయండి

అమెరికాలో పాత భవనాల పరిరక్షణ కోసం పనిచేసే నేషనల్ ట్రస్టు 1977లో గేల్స్‌బర్గ్, మాడిసన్, హాట్ స్ప్రింగ్స్ అనే మూడు చిన్న పట్టణాల్లో ఒక ప్రయోగం చేసింది. ప్రతి ఊరికీ బజారు కోసమే పనిచేసే మేనేజరును పెట్టింది. అక్కణ్నుంచి పుట్టిన మెయిన్ స్ట్రీట్ పద్ధతి నాలుగు పనులు ఒకేసారి నడవాలంటుంది: సంఘం కట్టడం, ప్రచారం, వీధి రూపం, వ్యాపారాల బలం. ఒక్కటే పట్టుకుంటే ముందుకు పోదు.

పూర్తి జీతానికి మనిషిని పెట్టలేకపోతే సగం రోజు పనికైనా ఒకరిని పెట్టండి. స్వచ్ఛందంగా చేసేవాళ్ల ఉత్సాహం ఆరేడు నెలల్లో తగ్గుతుంది, అందులో వాళ్ల తప్పేమీ లేదు. డబ్బుకు ఒక దారి, బజారు వ్యాపారులంతా తలా కొంత తప్పనిసరిగా చెల్లించే ఏర్పాటు. టొరంటోలోని బ్లూర్ వెస్ట్ విలేజ్ 1970లో దీన్ని మొదలుపెట్టింది. చట్టం ఒప్పుకోనిచోట నెలవారీ చందాతో మొదలుపెట్టండి, లెక్కలు ప్రతి నెలా గోడకు అంటించండి.

ప్లాను ఒక్క పేజీలో రాయండి. పని, ఎవరు, ఎప్పటికి, ఎంత ఖర్చు, అయిందని ఎలా తెలుస్తుంది. "బృందం" అని రాసిన గడి అంటే ఎవరూ చేయరని అర్థం. మనిషి పేరు ఉండాలి.

9. ఫలితం సరిచూసుకోండి

కిందటేడు ఏ నెలలో లెక్కించారో ఈ ఏడూ అదే నెలలో చూడండి:

- ఖాళీ షట్టర్లు ఎన్ని తగ్గాయి? తెరిచినవాటిలోంచి మూసినవి తీసేసి లెక్కించండి. కొత్తవి ఐదు తెరుచుకుని పాతవి ఆరు మూతపడితే అది నష్టమే.
- గీత దాటినవాళ్లు, ఆగి కూర్చున్నవాళ్లు ఎంత పెరిగారు?
- పొద్దుపోయాక వచ్చే ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు పెరిగారా? ఈ లెక్క మారకపోతే వీధి ఇంకా భద్రంగా అనిపించడం లేదన్నమాట.
- పైన కాపురాలు ఎన్ని పెరిగాయి?
- పాత అద్దెదారుల్లో ఎంతమంది మిగిలారు?

ఈ ఆఖరిది చాలామంది చూడరు. బజారు బాగుపడితే అద్దెలు పెరుగుతాయి, ఇరవై ఏళ్లుగా అక్కడే ఉన్న కుట్టుపని వాళ్లు, రిపేరు షాపు వాళ్లు ముందు వెళ్లిపోతారు. కాబట్టి ఐదో మెట్టులో యజమానులతో మాట్లాడేటప్పుడే, అద్దె ఏడాదికి ఎంతకు మించి పెంచకూడదో రాయించుకునే ప్రయత్నం చేయండి. అద్దెలు పెరిగాక అడిగితే ఎవరూ ఒప్పుకోరు.

ఏడాది అయినా అంకెలు కదలకపోతే ప్లాను మొత్తం చించేయకండి. రెండో మెట్టు మ్యాపు తీసి పాతదాని పక్కన కొత్త రంగులు వేయండి. ఖాళీలన్నీ ఒకేవైపు మిగిలాయంటే అక్కడ నడిచే దారిలో ఏదో అడ్డు ఉంది: చీకటి, దాటలేని రోడ్డు, కిటికీలు లేని పొడవాటి గోడ. ఖాళీలు చెదురుమదురుగా ఉంటే సమస్య యజమానుల దగ్గర ఉంది, మళ్లీ ఐదో మెట్టుకు వెళ్లండి. జనం వస్తున్నా ఆగకపోతే, ముందు కుర్చీలు, నీడ ఎక్కడ లేవో చూసి అక్కడ రెండో ప్రయోగం మొదలుపెట్టండి.